నిద్ర మానేసి చదివితే ప్రాణం మీదికి వస్తుందా?

పోటీ పరీక్షల ప్రిపరేషన్ మొదలుపెట్టినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఏ పుస్తకాలు చదివారని కాదు, ఎన్ని గంటలు పడుకునేవారని. ఏడు, కుదిరితే ఏడున్నర అంటే చాలామంది నమ్మరు. ఏదో దాస్తున్నానన్నట్టు చూస్తారు. నాతో గదిలో ఉన్న మిత్రుడైతే వరసగా రాత్రుళ్లు మేలుకుని, గుండె దడ మొదలయ్యాక నేరుగానే అడిగాడు: "ఒరే, నిద్ర లేకపోతే మనిషి చచ్చిపోతాడా?" జవాబు కోసం ఇద్దరం కూర్చుని చదివాం. సైన్స్ సిలబస్‌కూ పనికొచ్చిందనుకోండి.

ఎలుకలైతే చచ్చిపోతాయి. 1980లలో చికాగో విశ్వవిద్యాలయంలో అలన్ రెక్ట్‌షాఫెన్ బృందం నీళ్ల పైన ఒక పళ్లెం అమర్చి దాని మీద ఎలుకను ఉంచింది. ఎలుకకు కునుకు పట్టగానే పళ్లెం తిరుగుతుంది, నడవకపోతే నీళ్లలో పడుతుంది. అవి మామూలు కంటే ఎక్కువ తిన్నా చిక్కిపోయాయి, ఒంటి మీద పుండ్లు లేచాయి, రెండు మూడు వారాల్లో చనిపోయాయి. ఎందుకో చాలాకాలం తేలలేదు. 2020లో హార్వర్డ్ మెడికల్ స్కూల్ పరిశోధకులు నిద్ర చెడిన ఈగల పేగుల్లో హానికర ఆక్సిజన్ అణువులు పేరుకుపోతున్నాయని గమనించారు. ఆ అణువులను అణిచే యాంటీఆక్సిడెంట్లు ఇస్తే ఆ ఈగలు మామూలుగానే బతికాయి. అలాగని మాత్రలు కొనుక్కోకండి, ఈగలకు మర్నాడు పరీక్ష లేదు.

మనుషుల దగ్గరికొస్తే అందరూ చెప్పేది ర్యాండీ గార్డ్‌నర్ కథ. అమెరికాలోని శాన్ డియాగోలో 17 ఏళ్ల కుర్రాడు స్కూల్ సైన్స్ ప్రాజెక్టు కోసం 1963 డిసెంబరు చివర్లో మొదలుపెట్టి 264 గంటలు, అంటే 11 రోజులు మేలుకున్నాడు. చనిపోలేదు, ఆ తర్వాత దాదాపు 14 గంటలు పడుకుని లేచాడు. "చూశావా, ఏమీ కాలేదు" అన్నాడు మావాడు. కానీ ఆ కథలో మనకు కావలసిన ముక్క వేరే ఉంది. చివరి రోజు అతన్ని 100 నుంచి ఏడేసి తీసేస్తూ పొమ్మన్నారు. 65 దగ్గర ఆగిపోయాడు. ఎందుకు ఆపావంటే, ఏం చేస్తున్నానో మర్చిపోయానన్నాడు. ఆప్టిట్యూడ్ పేపర్ ముందు అలా కూర్చుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇలాంటి రికార్డులు ప్రమాదకరమని గిన్నిస్ సంస్థ 1997 నుంచి వాటిని నమోదు చేయడమే మానేసింది.

వంశపారంపర్యంగా వచ్చే ప్రాణాంతక నిద్రలేమి అనే జబ్బు కూడా ఉంది. చాలా అరుదు. అందులో ప్రియాన్ అనే ప్రోటీన్ మెదడులోని థాలమస్ అనే భాగాన్ని పాడు చేస్తుంది, రోగి చనిపోతాడు. అయితే అక్కడ ప్రాణం తీసేది మెదడు దెబ్బతినడం, నిద్ర లేకపోవడం దానిలో ఒక లక్షణం. చదువు కోసం మేలుకున్నవాళ్లకు ఆ జబ్బు రాదు.

కేవలం మేలుకున్నందువల్లే ఆరోగ్యవంతుడు చనిపోయాడని ప్రయోగాల్లో రుజువు కాలేదు. అంతదాకా పోకముందే మెదడు మన అనుమతి లేకుండా కొన్ని సెకన్లు ఆగిపోతుంది. దాన్నే మైక్రోస్లీప్ అంటారు. మావాడి నోట్సులో అది కనిపించేది: వాక్యం సగంలో అక్షరాలు వాలిపోయి, పెన్ను గీత పేజీ అంచు దాకా జారిపోయి ఉండేది. "నేను పడుకోలేదు" అనేవాడు, నిజంగానే అలా నమ్మేవాడు. టేబుల్ ముందైతే పోయేది ఒక పేజీ. బండి మీదైతే ప్రాణమే. 24 గంటలు మేలుకున్నవాడి పనితీరు, రక్తంలో ఆల్కహాల్ 0.10 శాతం ఉన్నవాడి పనితీరుకు దగ్గరగా ఉంటుంది. ఇక ఫిట్స్ ఉన్నవాళ్లకు రాత్రంతా మేలుకోవడం మరీ ప్రమాదం.

అయితే మనలో ఎక్కువమంది చేసేది పదకొండు రోజుల జాగారం కాదు, నెలల తరబడి రోజూ కాస్త కాస్త కోసుకోవడం. నా దృష్టిలో అసలు దెబ్బ అక్కడే. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు 2003లో ప్రచురించిన ప్రయోగంలో, రెండు వారాలు రాత్రికి ఆరు గంటలో అంతకంటే తక్కువో పడుకున్నవారి ఏకాగ్రత, రెండు రాత్రుల దాకా అసలు నిద్రపోనివారి స్థాయికి పడిపోయింది. విచిత్రమేమంటే, తమకు అంత నిద్రమత్తుగా ఉందని వాళ్లకే అనిపించలేదు. అందుకే "నాకు అయిదు గంటలు చాలు, అలవాటైపోయింది" అన్న మాటను నేను సాక్ష్యంగా తీసుకోను.

నేను నమ్మింది మాక్ టెస్టులనే. ప్రతి పేపర్ మీద ముందురోజు ఎన్ని గంటలు పడుకున్నానో రాసుకునేవాణ్ణి. తక్కువ పడుకున్న రోజు తప్పులు తెలియని ప్రశ్నల్లో పెరగలేదు. తెలిసినవాటిలోనే పెరిగాయి: "సరికానిది ఏది" అన్నదాన్ని "సరైనది" అని చదవడం, ఓఎంఆర్‌లో ఒక వరస కిందకు దిద్దడం. పగలు చదివింది జ్ఞాపకంగా గట్టిపడేది నిద్రలో, ముఖ్యంగా గాఢ నిద్రలో కాబట్టి, రివిజన్ మిగిలిపోయినా నేను దీపం ఆర్పేసేవాణ్ణి. కాఫీ కూడా సాయంత్రం దాటాక ముట్టేవాణ్ణి కాదు. తాగిన కెఫీన్‌లో సగం అయిదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది.

పరీక్ష ముందురోజు టెన్షన్‌తో నిద్ర పట్టకపోతే మాత్రం కంగారు పడకండి. అంతకుముందు వారమంతా సరిగ్గా పడుకున్నవారికి ఒక్క రాత్రితో చదివిందంతా ఎగిరిపోదు. కళ్లు మూసుకుని పడుకోండి, గడియారం చూడకండి. పొద్దున సెంటర్‌కు బండి మీరు నడపకుండా ఇంకెవరినైనా దింపమనండి.