పెద్దల వరుసలో అమ్మ

అమ్మ 2023 కార్తీకంలో పోయింది. ఆ వచ్చిన సంక్రాంతికి మా ఇంట్లో పండగ లేదు. మనిషి పోయిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పొయ్యి మీద నూనె మూకుడు పెట్టరు కదా, వీధిలోవాళ్లే నిప్పట్లూ వడలూ గిన్నెల్లో తెచ్చి మా అన్న పిల్లలకు పెట్టి పోయారట. నేను ఆ ఏడు ఊరికి పోలేకపోయాను. 2024 కార్తీకంలో ఏడాది కర్మ అయింది. అందుకని 2025 సంక్రాంతికి పోవాలని ముందే అనుకున్నాను. పండగ నాడు కొత్త బట్టలు పెట్టి దణ్ణం పెట్టుకునే పెద్దల వరుసలోకి ఈసారి అమ్మ కూడా వస్తుంది. ఆ వేళకు నేను అక్కడ ఉండాలి.

భోగికి ముందటి రోజు సాయంత్రం కాకుండా ఒకరోజు ముందుగానే మా పాపతో కాచిగూడలో వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. పండగ రద్దీ సంగతి చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి రాజంపేట దాటాం. కోడూరు తోటలు, కుడివైపు శేషాచలం కొండలు, వాటి మీద పొగమంచు. చిత్తూరు దాకా పోయే బండే అయినా తిరుపతిలో దిగాం. కపిలతీర్థం చూసి పోవాలని నా కోరిక.

ఊరంతా వైకుంఠ ద్వార దర్శనానికి వచ్చిన జనం. నాలుగు రోజుల ముందు, 8వ తేదీ రాత్రి, ఆ దర్శనం టోకెన్ల కోసం నిలబడ్డవాళ్లలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. స్టేషన్ బయట టీ అంగడి దగ్గరా ఆ మాటే, ఆటోలోనూ ఆ మాటే. వాళ్లూ మాలాగే సంచి సర్దుకుని, ఇంట్లోవాళ్లకు చెప్పి బయల్దేరినవాళ్లు. ఆ ఇళ్లలో ఈ ఏడు మూకుడు పెట్టరు. వాళ్ల పేర్లు నాకు తెలియకపోయినా కపిలతీర్థంలో నీళ్లు చేతిలోకి తీసుకున్నప్పుడు వాళ్లను కూడా తలుచుకున్నాను.

మా ప్రాంతానికి ఈశాన్య రుతుపవనాల వానలు ముఖ్యం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిస్తే చెరువులు నిండుతాయి, కపిలతీర్థంలో కొండమీంచి నీళ్లు దూకుతాయి. జనవరికి ధార సన్నబడిపోతుంది. నేను మొదటిసారి చూసింది మాత్రం జూన్‌లో, కొండరాయి ఎండిపోయి ఉన్నప్పుడు. తిరుపతిలో ఆడపిల్లల కాలేజీలో సీటొస్తే హాస్టల్లో చేర్చడానికి అమ్మ తీసుకొచ్చింది. కాలేజీకి పోయే ముందు ఇక్కడికి తెచ్చి, కపిలేశ్వరుడికి దణ్ణం పెట్టించి, గుడి మెట్ల మీద కూర్చుని కొంగు ముడి విప్పి డబ్బులు లెక్కపెట్టింది. పాలకేంద్రంలో పదిహేను రోజులకోసారి ఇచ్చే పాలబిల్లు డబ్బులవి. అన్నీ చిన్న నోట్లు. రెండుసార్లు లెక్కపెట్టి మళ్లీ ముడేసుకుంది. ఆ మెట్టు ఏదో పాపకు చూపిద్దామని వెతికాను. కచ్చితంగా ఇదేనని చెప్పలేకపోయినా ఆ దరిదాపుల్లో ఇద్దరం కాసేపు కూర్చున్నాం.

గాంధీ రోడ్డులో అమ్మకు చీర కొన్నాను. వెంకటగిరి నూలు చీర, లేత పసుపు, మెరూన్ అంచు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నెల్లూరులో ఉన్న వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. మా అమ్మకు మాత్రం అది ఏ జిల్లాదైనా ఒకటే, ఎండాకాలం ఒంటిమీద బరువు తెలియని చీర వెంకటగిరిదే అనేది. అంగడతను "ఎవరికమ్మా, పెద్దవాళ్లకా?" అని అడిగాడు. "మా అమ్మకు" అన్నాను. అంతకు మించి చెప్పాలనిపించలేదు. అతను అంచు విప్పి, నేత చూపించి, వయసు మళ్లినవాళ్లకు జరీ ఇంతకన్నా ఎక్కువుంటే గుచ్చుకుంటుందని చెప్పాడు. ఆ మాటకు కళ్లలో నీళ్లొచ్చాయి.

చిత్తూరు బస్సులో చంద్రగిరి దాటుతుంటే కిటికీలోంచి కోట కొండ కనిపించింది. పాపకు రాజమహల్ గురించి ఏదో చెప్పబోయేలోపే నిద్రపోయింది. పూతలపట్టు దగ్గర మామిడి తోటల్లో అక్కడక్కడా పూత మొదలైంది. రోడ్డు పక్కనే ఒక బెల్లం గానుగ, పెనం మీద చెరకు పాలు ఉడుకుతున్న వాసన బస్సులోకి వచ్చింది. మా ఊరికి దగ్గరపడ్డామని నాకు తెలిసేది ఆ వాసనతోనే. చిత్తూరులో బంగారుపాళ్యం బస్సు మారి, దిగేసరికి అన్న బండేసుకుని వచ్చి ఉన్నాడు. "పాప ఏమన్నా తిన్నిందా?" అన్నాడు ముందు. అమ్మ కూడా బస్సు దిగగానే ఇదే అడిగేది.

భోగి మంట దగ్గర పిల్లలు పలక డప్పులు కొట్టారు, పాప ఒళ్లంతా పొగ వాసన చేసుకుని వచ్చింది. నాకు ఎక్కువ గుర్తున్నది ఆ రోజు రాత్రి. మర్నాటికి పితికిపప్పు కావాలి. అనపకాయలు ఒలిచి, గింజలు నానబెట్టి, ఒక్కొక్క గింజనూ వేళ్ల మధ్య నొక్కితే తోలు వదిలి పప్పు జారి బయటికొస్తుంది. పని తేలికే గానీ గంపెడు గింజలు పితకాలంటే నలుగురు కూర్చోవాలి. మంచు పడే కాలంలో కాసిన అనపకాయలకే ఆ వాసన, ఆ రుచి. వదిన, నేను, చిన్నమ్మ, వీధిలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు నడింట్లో తట్ట చుట్టూ కూర్చున్నాం.

మాట అమ్మ మీదికే పోయింది. ఎవరూ పొగడలేదు. మా వైపు పోయినవాళ్ల గురించి అట్లా మాట్లాడరు. ఒకామె, తన కొడుకు పెళ్లిచూపుల నాడు మా అమ్మ తన చెవికమ్మలు తీసి పెట్టుకోమని ఇచ్చిందని చెప్పింది. ఇంకొకామె, మా అమ్మ తనతో ఏదో గట్టు తగాదాలో రెండేళ్లు మాట్లాడలేదని, తనకు కాలు విరిగినప్పుడు మాత్రం ఏమీ మాట్లాడకుండానే రోజూ సంగటి ముద్ద, ఊరిబిండి తెచ్చి గడప మీద పెట్టి పోయేదని చెప్పింది. "మాట్లాడింటే ఆ రెండేండ్లూ కలిసొచ్చేవి మే" అంది ఆవిడ, గింజలు పితుకుతూనే. ఈ సంగతి నాకు తెలియదు. అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. కూతురికి తెలియని అమ్మ ఆ తట్ట చుట్టూ కూర్చున్న ఒక్కొక్కరి దగ్గరా కొంచెం కొంచెం ఉంది. పప్పు పితకడం అయిపోయినా చాలాసేపు ఎవరూ లేవలేదు.

సంక్రాంతి పొద్దున గోడకు తాత, అవ్వ, నాయన ఫోటోల పక్కన అమ్మ ఫోటో. అన్న నాలుగింటికీ పసుపు కుంకుమ పెట్టి, చామంతి దండలేశాడు. ముందర అరటాకు పరిచి కొత్త బియ్యం పొంగలి, పితికిపప్పు పులుసు, గుమ్మడికాయ కూర, అలసంద వడలు, నిప్పట్లు వడ్డించాం. నాయనకు పంచె, తువ్వాలు. అవ్వకూ అమ్మకూ చీరలు. అన్న టెంకాయ కొట్టి, ఒక్కొక్కరి పేరూ పైకి చెప్పి మొక్కాడు. అమ్మ పేరు దగ్గర వాడి గొంతు ఆగింది. వదిన అందుకుని పూర్తి చేసింది. తర్వాత మిద్దె మీద కాకికి పెట్టాం. కాకి ముందు వడే ఎత్తుకుపోయింది. "మీయమ్మకు వడంటే ప్రాణం" అని చిన్నమ్మ కింది నుంచి కేకేసింది.

పెద్దలకు పెట్టిన బట్టలు ఇంట్లోవాళ్లే కట్టుకుంటారు. అన్న నాయన పంచె కట్టుకున్నాడు. అమ్మ చీర దగ్గర నేనూ వదినా "నువ్వు కట్టుకో" అంటే "నువ్వు కట్టుకో" అనుకున్నాం. ఆడబిడ్డవు, నీకే హక్కని వదిన అంటుంది. మంచాన పడ్డ అమ్మను ఎత్తి స్నానం చేయించింది వదిన, నేను కాదు. ఆ చీర ఆమెదేనని నా లెక్క. చివరికి వదినే, "పక్కింటత్తకిద్దాం" అంది.

అది విన్నాక ఇంకో ఆలోచన లేదు. అమ్మ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ అన్నా వదినా అక్కడే. ఇంట్లో రెండు పాడి ఆవులు. పక్కింటత్త తెల్లారుజామునా సాయంత్రమూ తన ఆవుల పని అయ్యాక మా కొట్టంలోకి వచ్చి పేడ తీసి, మేత వేసి, పాలు పితికి కేంద్రానికి పోసి వచ్చింది. ఏ పూట ఎన్ని లీటర్లో తన మనవడి చేత స్కూలు నోటుబుక్కులో రాయించింది. అన్న వచ్చాక ఆ బుక్కూ, పాలబిల్లు మొత్తమూ చేతిలో పెట్టింది. ఒక్క రూపాయి తీసుకోలేదు. ఆ డబ్బుతోనే మందుల అంగడి బాకీ కట్టామని అన్న చెప్పాడు. ఆ నోటుబుక్కు ఇప్పటికీ ఇంట్లో ఉంది, నేను పేజీ పేజీ చూశాను.

సాయంత్రం చీర, నిప్పట్లు, అరటిపళ్లు పళ్లెంలో పెట్టుకుని ముగ్గురం పోయాం. అత్త చీర వంక చూసి, "మీయమ్మకు పెట్టిన చీర నాకెందుకు మే?" అంది. నేను ఆవుల సంగతి ఎత్తబోతే అడ్డుకుంది. "మా పెద్దోడు పుట్టినప్పుడు నాకు పాలు పడలేదు. ఆరు నెల్లు మీయమ్మ రోజూ చెంబుడు పాలు ఇచ్చింది. అప్పుడు మీకూ ఒకే ఆవు ఉన్నింది. కేంద్రానికి తక్కువ పోసేది, మీ నాయనకు చెప్పబాక అనేది." చీర గుండెలకు హత్తుకుని ఏడ్చింది. మేమూ ఏడ్చాం. అన్న పళ్లెం పట్టుకుని వాకిట్లోనే నిలబడిపోయాడు.

మర్నాడు కనుమ. చంద్రగిరి పక్కన రంగంపేటలో కొమ్ములకు చెక్క పలకలు కట్టి ఎద్దులను వదిలే పశువుల పండగ చూడ్డానికి మా ఊరి పిల్లకాయలు కొందరు పోయారు. మా ఊళ్లో ఇప్పుడు ఎద్దులు లేవనే చెప్పాలి. ట్రాక్టరును కడిగి బొట్లు పెడతారు. కానీ ఆవులున్నాయి, ఎక్కువ జెర్సీ సంకరాలు. ఒకరింట్లో మాత్రం పొట్టి పుంగనూరు ఆవు, పిల్లలందరూ దాని చుట్టే.

పొద్దున్నే ఆవులను చెరువులో కడిగి, కొమ్ములకు రంగులేశారు. మద్ది చెక్క, నేరేడు చెక్క, నల్లేరు, మారేడుకాయ, మోదుగ పూలు ఉప్పుతో కలిపి రోట్లో దంచి ఉప్పుచెక్క చేశారు. పాల కోసం, దున్నకం కోసం ఏడాదంతా వాడుకున్న పశువుకు ఆ ఒక్కరోజు మందు తినిపిస్తారు. చేదు కాబట్టి ఏ ఆవూ ఇష్టంగా తినదు, మూతి పట్టుకుని నోట్లో కుక్కాల్సిందే. అత్త ఆ పనికి కొత్త వెంకటగిరి చీరతోనే వచ్చింది. అంచు పైకి దోపుకుని, పేడ అంటుతుందని వదిన అరుస్తున్నా వినకుండా.

ఆవులకు పండగేంటని పాప అడిగింది. నేను జవాబు వెతుక్కుంటుండగా అత్త మా కొట్టంలో ఎర్రావు వైపు చెయ్యి చూపించి, "దీనవ్వ పాలతోనే మీయమ్మ కాలేజీ ఫీజు కట్టింది మీయవ్వ. అడుగు మీయమ్మను" అంది. పాప నావైపు చూసింది. అవునన్నాను. అదే ఆవు సంతతి అని నాకూ అప్పుడే తెలిసింది. అన్న వేళ్ల మీద లెక్కేసి, ఏ దూడ ఏ ఈతలోదో చెప్పాడు.

ఉప్పుచెక్క తానే పెడతానని పాప పట్టుబట్టింది. "భయపడబాక, పక్క నుంచి పెట్టు" అని అత్త మూతి పట్టుకుంది. ఎర్రావు సగం మింగి, మిగతా సగం తుమ్మి పాప మొహం మీదే చల్లింది. కొట్టమంతా నవ్వులు. పొద్దు వాలాక ఊరి బయట పశువుల దేవుడు కాటమరాజు దగ్గర పొంగలి పెట్టి, ఎండు కంప పేర్చిన చిట్లాకుప్పకు నిప్పంటించి, ఆవులన్నిటినీ ఆ మంట ముందు నుంచి తోలుకొచ్చారు. ఎర్రావు పగ్గం పాప చేతిలోనే ఉంది, పక్కన అత్త.

తిరుగు ప్రయాణానికి వదిన ఒక సంచి నిండా అనపకాయలు కట్టింది. ఎర్రావు చైత్రంలో ఈనుతుందట. వేసవి సెలవులకు పాపను తన దగ్గరికి పంపమని అత్త అడిగింది. జున్ను పాలు పెడతానంది. పంపుతున్నాను.