ఆర్‌బీ67తో నాలుగు రోళ్ళు, ఉప్పుగాలి లెక్కలు

ఆర్‌బీ67 అనే పాత ఫిల్ము కెమెరా కొని నాలుగు నెలలైంది. నాలుగు ఫిల్ము రోళ్ళు, అంటే నలభై ఫ్రేములు. నలుగురికి చూపించుకోదగ్గవి ఏడు. మిగతా ముప్ఫైమూడు ఎందుకు పోయాయో రాసిపెట్టుకుంటున్నా. వాటిలో సగం తప్పు నాది, సగం విశాఖ గాలిది.

ఫిబ్రవరి. మమియా ఆర్‌బీ67 ప్రో-ఎస్ బాడీ, 127 మి.మీ. సెకోర్ సి లెన్సు, 120 సైజు ఫిల్ముకి ఒక బ్యాకు (కెమెరా వెనక తగిలించే ఫిల్ము డబ్బా), పైనుంచి తొంగిచూసే ఫైండరు. డాబాగార్డెన్స్ వైపు స్టూడియో మూసేసిన ఒక పెద్దాయన దగ్గర అన్నీ కలిపి 38 వేలు. ఈ ప్రో-ఎస్ 1974లో వచ్చిన మోడలు. ఇందులో బ్యాటరీయే లేదు, అంతా స్ప్రింగులూ గేర్లే. నేను పడిపోయింది అక్కడే. సర్క్యూట్ బోర్డు ఉన్న పాత కెమెరా సముద్రపు గాలికి చచ్చిపోతే ఇక్కడ ఎవరికి చూపించాలి? బరువు మాత్రం రెండున్నర కిలోల పైమాటే. "దీన్ని మోసుకుని బీచికెళ్తావేటి బాబూ? స్టాండు మీంచి దింపి ఎరగను నేను" అన్నారాయన.

90 లెన్సు కూడా ఇస్తానన్నారు. వెనకనుంచి టార్చి వేసి చూస్తే బియ్యంలో పురుగు గూడు కట్టినట్టు సన్నటి దారాలు. ఫంగస్. వద్దన్నాను. మామూలు వెలుతురులో ఆ లెన్సు అద్దంలా మెరిసిపోయింది, అందుకే టార్చి లేకుండా బేరానికి వెళ్ళకండి. షట్టరు పరీక్షకు ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్ చాలు: 1/15 సెకను దగ్గర లెన్సు సుమారు 16 ఫ్రేముల సేపు, 1/8 దగ్గర 30 ఫ్రేముల సేపు తెరుచుకుని కనిపించాలి. నాది ఒక సెకను దగ్గర కాస్త బద్ధకిస్తోంది, మిగతావి సరిగ్గానే ఉన్నాయి. చవగ్గా ఇస్తానన్న రెండో బ్యాకు 220 అనే ఇంకో రకం ఫిల్ముది. ఆ ఫిల్ము దొరకడమే గగనం కాబట్టి దాన్నీ వదిలేశా.

రోలు 1, మార్చి. తెల్లవారుజామున ఆర్కే బీచి, కురుసుర జలాంతర్గామి దగ్గర. షట్టరు నొక్కితే కదల్లేదు. పావుగంట చెమటలు పట్టాక తెలిసింది, ఫిల్ముకి వెలుతురు తగలకుండా అడ్డుపెట్టే రేకు, డార్క్ స్లైడు, తీయలేదు. అది లోపలుంటే కెమెరా తాళం వేసుకుంటుంది. ఆ గండం దాటి పదీ తీస్తే, ఆరింటి మీద అంచునుంచి తెల్లటి చార. బ్యాకులో వెలుతురు చొరకుండా వేసిన ఫోము జీడిపాకంలా కరిగిపోయింది. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో గీకి, 2 మి.మీ. నల్ల ఫోము పట్టీలు కోసి అంటించాను. ఖర్చు నూట ఇరవై, సమయం ఒక ఆదివారం.

రోలు 2, ఏప్రిల్. ఇది పూర్తిగా ఊరి ఉక్కపోత ఖాతాలోకి. ఫిల్ముని డెవలప్ చేసే ట్యాంకు రీలుకి ఎక్కించడానికి చేంజింగ్ బ్యాగులో (వెలుతురు చొరని సంచీ) చేతులు పెట్టి అయిదు నిమిషాలు గడిచేసరికి లోపల ఆవిరిగది. 120 ఫిల్ము వెడల్పు కదా, తడి తగలగానే రీలుకి సగంలో అతుక్కుపోయింది. బలవంతంగా తోస్తే మడతపడి, నాలుగు ఫ్రేముల మీద నెలవంకల్లాంటి మచ్చలు. ఇప్పుడు బ్యాగు అటకెక్కింది. రాత్రి పదకొండు దాటాక పడగ్గదిలో ఏసీ వేసి, కిటికీకి దుప్పట్లు కట్టి, రీలుని హెయిర్ డ్రయ్యరుతో ఆరబెట్టి, చేతులు పూర్తిగా ఆరాక చీకట్లో ఎక్కిస్తున్నా. ఇంట్లోవాళ్ళు హాల్లో పడుకుంటున్నారు. వాళ్ళ అభిప్రాయం ఇక్కడ రాయను.

డెవలప్ చేయడంలోనూ అదే గొడవ. నేను వాడే బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము హెచ్‌పీ5 ప్లస్‌కి, ఐడీ-11 అనే డెవలపరు మందుని నీళ్ళతో ఒకటికి ఒకటి కలిపితే 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు. మా కుళాయి నీళ్ళేమో 31. మందుని ఐసుతో 20కి దించి, 31 నీళ్ళతో కడిగితే ఎమల్షన్ (ఫిల్ము మీద బొమ్మ పట్టే పూత) నెర్రెలివ్వొచ్చు. అందుకే మందులూ కడిగే నీళ్ళూ అన్నీ 24 దగ్గర పెట్టి 9 నిమిషాలు చేస్తున్నా. కడగడం ఇల్ఫోర్డ్ పద్ధతి: ట్యాంకు నింపి అయిదుసార్లు తిప్పి పారబోయడం, తర్వాత పది, తర్వాత ఇరవై. ఒక్క బకెట్టుతో అయిపోతుంది, కుళాయి వచ్చే వేళతో పనిలేదు.

రోలు 3, మే. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు. అందరూ చెప్పే సలహా విని 77 మి.మీ. ఎరుపు ఫిల్టరు పట్టుకెళ్ళా. మూడు స్టాపుల వెలుతురు తింటుంది (ఒక్కో స్టాపుకీ వెలుతురు సగమవుతుంది), కాబట్టి మండుటెండలో 1/400 సెకను బదులు 1/60, లెన్సు రంధ్రం ఎఫ్16 దగ్గర, ట్రైపాడ్ మీద. ఆకాశం నల్లగా బ్రహ్మాండంగా వచ్చింది. దిబ్బలు మాత్రం ఉప్పు కుప్పలైపోయాయి. ఎర్రటి మట్టిని ఎరుపు ఫిల్టరు తెల్లగా చేస్తుందని తీసేముందు తట్టలేదు. వాన కోసిన గాడుల నీడలన్నీ మాయం. చివరి రెండు ఫ్రేములు పసుపు-ఆకుపచ్చ ఫిల్టరుతో తీశా: మట్టి బరువుగా దిగింది, పొదలు విడిగా కనిపించాయి. ఆ ఏడింటిలో రెండు ఇవే.

రోలు 4, జూన్. ఫిషింగ్ హార్బరు. ఫైండరులో కుడి ఎడమలు తారుమారు, పడవ కుడికి వెళ్తుంటే నా చేతులు ఎడమకి తిప్పుతాయి. ఇంకా అలవాటు కాలేదు. వల అల్లే చేతుల్ని దగ్గరగా తీసినవి వెలుతురు చాలక పలచగా వచ్చాయి. బెల్లోస్ (లెన్సుని ముందుకు జరిపే మడతల తిత్తి) 46 మి.మీ. బయటికి లాగితే 127 లెన్సు ఫిల్ముకి 173 దూరంలో ఉన్నట్టు. 173ని 127తో భాగించి వర్గం చేస్తే 1.86, అంటే దాదాపు ఒక స్టాపు ఎక్కువ వెలుతురివ్వాలి. కెమెరా పక్కనే ఆ స్కేలు చెక్కి ఉంది. చూడలేదు, అంతే.

రోలు నాకు 950 పడుతోంది, మందులు కలిపితే ఫ్రేముకి నూట పది దాకా. నెగటివు మాత్రం 35 ఎంఎం కన్నా నాలుగున్నర రెట్లు పెద్దది, టేబుల్ లైటు మీద పెట్టి చూస్తే ఆ లెక్క మరిచిపోతా.

నిల్వ: పూర్ణా మార్కెట్‌లో కొన్న రబ్బరు వాషరు మూత డబ్బా, తేమ పీల్చే సిలికా జెల్ అరకిలో, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటరు. గదిలో తేమ 80 శాతం దాటినా డబ్బాలో 45 దగ్గర ఉంచుతున్నా. నీలం గుళికలు గులాబీ రంగుకి తిరగ్గానే వేయిస్తా. అందుకు వేరే మూకుడు కొనుక్కోండి. ఆ నీలం రంగు కోబాల్టు, వంట మూకుడులో పనికిరాదు. బీచి నుంచి రాగానే బాడీని ఆరిన గుడ్డతో తుడిచి, రాత్రంతా ఫ్యాను కింద ఉంచి తెల్లారాకే డబ్బాలో పెడుతున్నా.

విజయనగరంలో ఒకరి దగ్గర 180 లెన్సు ఉందట. "ఒక్క చుక్క మచ్చ ఉందండీ, అంతే" అంటున్నారు ఫోన్లో. ఆదివారం టార్చి పట్టుకుని వెళ్తున్నా.