నా అనుభవం: సబ్బు లెక్కల నుంచి స్ప్రెడ్‌షీట్ దాకా

పేద పిల్లలు చదివే ఒక బడిలో కంప్యూటర్ నేర్పుతామని నేనూ మా మిత్రులూ వెళ్లి అడిగినప్పుడు హెడ్మాస్టర్ గారు ఒక షరతు పెట్టారు. "కంప్యూటర్ సరే, ఆరోగ్యం గురించి కూడా నాలుగు మాటలు చెప్పండి. ఏ వారం చూసినా విరేచనాలనో జ్వరమనో ఎవరో ఒకరు బడికి రావట్లేదు" అన్నారు. సరేనన్నాం. ఒక పీరియడ్ ఇది, ఒక పీరియడ్ అది అని టైమ్‌టేబుల్ గీసుకున్నాం. పిల్లలకు రెండూ నిజంగా పట్టుబడింది మాత్రం ఆ గీత చెరిగిపోయి, రెండూ ఒకే పాఠంగా మారాకే. ఇలాంటి పని తలపెట్టేవాళ్లకు పనికొస్తుందని అదెలా జరిగిందో రాస్తున్నాను.

ముందు అనుమతుల సంగతి. ఏం నేర్పుతాం, ఎవరెవరు వస్తాం, ఏ రోజుల్లో వస్తాం అని ఒక పేజీ రాసిచ్చాం. తల్లిదండ్రుల సంతకాలు తీసుకున్నాం. చదవడం రాని అమ్మానాన్నలకు ఆ కాగితంలో ఏముందో టీచరే చదివి వినిపించారు. మా వాళ్ల గుర్తింపు కార్డుల నకళ్లు బడిలో ఇచ్చాం. మేం ఉన్నంతసేపూ గదిలో బడి టీచరు ఒకరు ఉండాలి, మా ఫోన్లలో పిల్లల ఫోటోలు తీయకూడదు అన్నవి మిగతా నియమాలు. "సేవ చేయడానికి వస్తే అనుమానిస్తారా" అని మాలో ఒకరిద్దరు నొచ్చుకున్నారు. నాకైతే ఆ నియమాలు నచ్చాయి. ముక్కూమొహం తెలియని పెద్దవాళ్లను పిల్లల మధ్యకు ఏ ప్రశ్నా వేయకుండా పంపే బడి గురించే భయపడాలి.

కంప్యూటర్లు ఒక ఆఫీసు వాళ్లు ఉచితంగా ఇచ్చారు. ఉచితం అన్నమాటే గానీ అందులో చాలావాటికి ప్రాణం లేదు. కొన్ని ఆన్ చేయగానే బీప్‌మని అరిచి ఊరుకునేవి. ర్యామ్ అనే మెమరీ ముక్క బయటికి తీసి, దాని రాగిరంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్లీ పెడితే వాటిలో కొన్ని లేచి కూర్చున్నాయి. ఇంకొన్ని ఆన్ చేసిన ప్రతిసారీ ఎప్పటిదో పాత తేదీ చూపించేవి. లోపలి ప్రధాన పలక, అంటే మదర్‌బోర్డు మీద, తేదీ, సమయం గుర్తుంచే రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, సీఆర్2032 అంటారు. అది మారిస్తే సరిపోయింది. ఎంతకీ లేవనివాటి భాగాలు విప్పి మిగతావాటికి వేశాం. విండోస్ కొత్త వెర్షన్లను ఆ పాత మెషిన్లు మోయలేవు కాబట్టి విండోస్‌కు బదులుగా వాడే లైనక్స్‌లో తేలికరకమైన లుబుంటు ఎక్కించాం. రాతకూ లెక్కల పట్టికలకూ వాడే లిబ్రెఆఫీస్, పిల్లలు బొమ్మలు గీసుకునే టక్స్ పెయింట్, బ్లాకులు పేర్చి ప్రోగ్రాంలు తయారుచేసే స్క్రాచ్ (2007లో అమెరికాలోని ఎంఐటీ వాళ్లు విడుదల చేశారు), అన్నీ డబ్బు కట్టక్కర్లేనివే. బడిలో ఇంటర్నెట్ లేదు. అదో రకంగా మేలే అయింది. కివిక్స్ అనే ప్రోగ్రాంతో వికీపీడియాను ముందే దించుకుని పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లాం. దానికి నెట్ అక్కర్లేదు. కాబట్టి పిల్లలు ఎక్కడ ఏం తెరుస్తారో అన్న టెన్షన్ కూడా లేదు.

ఎవరైనా పాత కంప్యూటర్లు ఇస్తామంటే తీసుకోవడానికి ముందే అక్కడికి వెళ్లి ఒక్కొక్కటీ ఆన్ చేసి చూడండి. మొహమాటపడితే ఆఫీసు చెత్త బడి గదిలోకి చేరుతుంది, అంతే.

ముగ్గురికి ఒక కంప్యూటర్ వచ్చింది. విద్యా పరిశోధకుడు సుగతా మిత్రా 1999లో ఢిల్లీలో గోడకు కన్నం చేసి కంప్యూటర్ పెడితే, మురికివాడ పిల్లలు ఎవరూ నేర్పకుండానే దాన్ని వాడటం నేర్చుకున్న సంగతి చాలామంది చెబుతుంటారు. పిల్లల్లో ఆ చురుకు ఉంటుంది, నిజమే. కానీ వాళ్లను వాళ్లకే వదిలేస్తే మౌస్ ఎప్పుడూ గట్టిగా మాట్లాడేవాడి చేతిలోనే ఉంటుంది. మా గదిలో మొదటి గంటలోనే ఆడపిల్లలు వెనక వరుసకు చేరిపోయారు. అందుకని పనులు పంచాం. ఒకరి చేతిలో మౌస్, కీబోర్డు. ఇంకొకరు ఏం చేయాలో చదివి చెప్పాలి. మూడోవాళ్లు నోటుబుక్కులో రాయాలి. టీచరు చప్పట్లు కొడితే ముగ్గురూ స్థానాలు మారాలి. చెప్పేవాళ్లు మౌస్ ముట్టుకుంటే ఒప్పుకునేవాళ్లం కాదు. మేం కూడా పిల్లల చేతిలోంచి మౌస్ లాక్కోకూడదన్నది మాకు మేం పెట్టుకున్న నియమం. పాటించడం ఎంత కష్టమో నేర్పేవాళ్లకే తెలుసు.

ఆరోగ్యం పీరియడ్ మాత్రం చప్పగా సాగింది. చేతులు ఎప్పుడు కడుక్కోవాలి అంటే గదంతా ఒకే గొంతుతో "తినే ముందు, మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక" అంటుంది. ఎంతసేపు అంటే "20 సెకన్లు". అన్నీ వచ్చు. ఇంక మేం చెప్పేదేముంది? మధ్యాహ్నం బెల్లు కొట్టాక కుళాయి దగ్గర నిలబడి చూస్తే కథ వేరు. తెలిసిందాన్నే మళ్లీ చెప్పి ప్రయోజనం లేదనిపించి, లెక్కపెట్టే పని పిల్లలకే అప్పగించాం. ఇద్దరు కుళాయి దగ్గర నిలబడాలి. కాగితం మీద మూడు గళ్లు: సబ్బుతో కడిగినవాళ్లు, ఉత్త నీళ్లతో కడిగినవాళ్లు, అసలు కడగనివాళ్లు. మనిషికో గీత. పేర్లు రాయకూడదు.

ఆ కాగితమే మా స్ప్రెడ్‌షీట్ పాఠం, అంటే కంప్యూటర్లో గళ్ల పట్టికతో లెక్కలు కట్టే పాఠం, అయింది. అంతకుముందు ఊహించిన మార్కులు, ఊహించిన సరుకుల పట్టీలతో గళ్లు నింపమంటే ఆవలించిన పిల్లలే ఇప్పుడు మొత్తం ఎలా కట్టాలి, శాతం ఎలా తీయాలి అని వాళ్లంతట వాళ్లే అడిగారు. కడ్డీల గ్రాఫ్ గీయించినప్పుడు ఒకమ్మాయి "సార్, సబ్బు కడ్డీ రాలేదు, కంప్యూటర్ పాడైంది" అంది. పాడవలేదు. అక్కడ సున్నా ఉంది. కుళాయి దగ్గర సబ్బే లేదు మరి. పిల్లలకు తెలియక కాదు, కడుక్కోవడానికి ఏమీ లేక.

ఆ గ్రాఫ్ ప్రింటు తీసి పిల్లలే హెడ్మాస్టర్ గారికి ఇచ్చారు. సబ్బులు వచ్చాయి. వచ్చినవి వచ్చినట్టే మాయమయ్యాయి కూడా. దానికి ఉపాయం పిల్లలే చెప్పారు: పాత సాక్సులో సబ్బు వేసి మూతి ముడేసి కుళాయికి వేలాడదీశారు. సాక్సు మీద చేతులు రుద్దితే నురగ వస్తుంది. నేల మీద పడదు, జేబులో పట్టదు. తర్వాతి వారం సబ్బు కడ్డీ లేచింది. కానీ ఒక కుర్రాడికి ఇంకో అనుమానం వచ్చింది. "మేం రాసుకుంటున్నామని చూసి కడుగుతున్నారు సార్, మేం లేకపోతే కడగరు" అన్నాడు. అందుకని వరండా కిటికీ వెనక నుంచి, ఎవరికీ కనబడకుండా మళ్లీ లెక్కపెట్టారు. కడ్డీ కొంచెం కుంగింది, పడిపోలేదు. పెద్ద చదువుల్లో పరిశోధకులు తలలు పట్టుకునే చిక్కు అది. వాడు తనంతట తనే పట్టుకున్నాడు. నాకు ఆ రోజంతా వాడి మాటే మనసులో తిరిగింది.

అక్కడి నుంచి రెండు పీరియడ్లు కలిసిపోయాయి. విరేచనాల పాఠానికి, ఒంట్లోంచి పోయిన నీళ్లూ లవణాలూ తిరిగి అందడానికి నీళ్లలో కలిపి తాగే ఓఆర్ఎస్ ప్యాకెట్ తెచ్చాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి సిఫార్సు చేస్తున్న ఫార్ములాలో లీటరు నీటికి మామూలు ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్, 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. నాలుగూ నాలుగు గళ్లలో వేసి కూడితే 20.5 వస్తుంది. తర్వాత నీళ్ల గడిలో 1 తీసేసి 0.5 కొట్టమన్నాం. ఉప్పు గాఢత 2.6 నుంచి 5.2కి ఎగబాకింది. "చిక్కగా కలిపితే బలం కదా" అని అంతకుముందు వాదించినవాళ్లు స్క్రీను వంక చూశారు. చిక్కగా కలిపితే ఒంట్లో ఉప్పు ఎక్కువై పసిపిల్లలకు ప్రమాదమని, ప్యాకెట్ మొత్తం ఒకేసారి అది చెప్పినన్ని నీళ్లలోనే కలపాలని, 24 గంటలు దాటితే పారబోయాలని చెప్పడానికి ఇక పెద్దగా మాటలు అవసరం కాలేదు. ఇంట్లో చిన్న తమ్ముళ్లను, చెల్లెళ్లను చూసుకునేది చాలావరకు ఈ పిల్లలే. పిల్లల ద్వారా పిల్లలకు ఆరోగ్యం నేర్పే పద్ధతి, చైల్డ్ టు చైల్డ్, 1978లో లండన్‌లో మొదలైంది కూడా ఈ ఆలోచనతోనే.

కళ్ల పరీక్ష దగ్గర నేను కొంత మొండిగా ఉన్నాను. పైనుంచి కిందికి అక్షరాలు చిన్నవవుతూ పోయే స్నెలెన్ చార్టు 1862 నుంచి వాడుకలో ఉంది. గోడకు తగిలించి 6 మీటర్ల దూరంలో నిలబెట్టి చదివించడం ఎవరైనా నేర్చుకోవచ్చు. అక్షరాలు రాని చిన్నపిల్లలకు ఇంగ్లీషు 'ఈ' నాలుగు దిక్కులకూ తిరిగి ఉండే చార్టు ఉంటుంది. కాళ్లు ఎటు ఉన్నాయో చేత్తో చూపిస్తే చాలు. మా వాళ్లు వెంటనే మొదలుపెడదామన్నారు. చూపు తక్కువని తేలిన పిల్లలను చూసే డాక్టరు, కళ్లద్దాలు ఇచ్చే చోటు కుదిరేదాకా చార్టు గోడకెక్కదని నేను పట్టుబట్టాను. లోపం ఉందని చెప్పి చేతులు దులుపుకుంటే ఆ బిడ్డకు మిగిలేది బెంగ ఒక్కటే. ఒక ఆసుపత్రి ఒప్పుకుని తర్వాత వాయిదాల మీద వాయిదాలు వేసింది. చివరికి వేరే కళ్ల డాక్టరు గారు ముందుకొచ్చి, ఏ వరుస చదవలేకపోతే పంపాలో హద్దు చెప్పి, మాకు గంటసేపు నేర్పారు. మొద్దు అని పేరు పడ్డ ఒక పిల్లాడికి బోర్డు మీది అక్షరాలే ఆనడం లేదని అప్పుడే బయటపడింది. అద్దాలు వచ్చాక వాడు ఫస్టు ర్యాంకు ఏమీ తెచ్చుకోలేదు గానీ, పక్కవాడి నోటుబుక్కు చూసి రాసుకోవడం మానేశాడు.

అన్నీ స్ప్రెడ్‌షీట్‌లో పెట్టేవి కావు. బరువులు తూచి ఆ అంకెలతోనే పాఠం చెబుదామని ఒక సూచన వచ్చింది, వద్దనుకున్నాం. ఎవరు ఎంత ఉన్నారో స్క్రీను మీద పడితే సాయంత్రానికల్లా వెక్కిరింపు పేర్లు పుడతాయి. బరువులు నర్సు గారు విడిగా తూచి తన పుస్తకంలో రాసుకున్నారు. కళ్ల పరీక్ష ఫలితాలూ పిల్లల చేతికి వెళ్లలేదు. పెద్ద ఆడపిల్లలకు నెలసరి గురించి నర్సు గారు, ఒక టీచరమ్మ వేరే గదిలో మాట్లాడారు. అక్కడ కంప్యూటర్ లేదు, మేమూ లేము. పాస్‌వర్డ్ పాఠం మాత్రం దీన్ని ఆనుకునే నడిచింది. ఎవరి ఆరోగ్యం సంగతి వాళ్లదే, చెప్పాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టమే అని అర్థమయ్యాక, తాళం ఎందుకో వేరే చెప్పక్కర్లేకపోయింది.

టైపింగ్ అంతగా సాగలేదని చెప్పాలి. ఎఫ్, జె మీటల మీది చిన్న గీతలను వేళ్లతో తడిమి పట్టుకోవడం అందరికీ వచ్చింది. వేగం రాలేదు. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లలకు వారానికి కొద్ది నిమిషాల సాధనతో వేగం ఎక్కడి నుంచి వస్తుంది? పోటీలు పెట్టి వాళ్లను చిన్నబుచ్చడం నాకిష్టం లేక అది పక్కన పెట్టేశాను.

ఏడాది చివరికి నేర్పే పని బడి సైన్సు టీచరు చేతికి వెళ్లింది. మొదట్లో మౌస్ ముట్టుకోవడానికే సందేహించిన మనిషి ఆయన. పిల్లల ముందు తడబడకుండా ఉండాలని బడి వదిలాక మాతో కూర్చుని నేర్చుకున్నారు. ఇప్పుడు మేం ఎప్పుడో ఒకసారి వెళ్లి పాడైన మెషిన్లు చూసి వస్తాం. పోయినసారి వెళ్లినప్పుడు పిల్లలు కొత్త పట్టిక చూపించారు. బడిలో ఏ మరుగుదొడ్డి తలుపుకు లోపల గడియ ఉంది, దేనికి లేదు, ఎక్కడ నీళ్లు రావట్లేదు, ఎప్పటి నుంచి అని తేదీలతో సహా వేశారు. గడియ లేనివన్నీ ఎర్ర రంగులో ఉన్నాయి, ఆ రంగు వేయడం మేం నేర్పలేదు. హెడ్మాస్టర్ గారు దాన్ని ప్రింటు తీసి మరమ్మతుల దరఖాస్తుకు జతచేశారట.