మైకు పర్మిషన్ కోసం స్టేషన్ మెట్లెక్కాం: మా చర్చి కూటాల అనుభవం

మా చర్చిలో ఉజ్జీవ కూటాలు మొన్న ఆదివారం, ఫిబ్రవరి 8 రాత్రితో ముగిశాయి. మూడు రాత్రుల్లో ఒక్కసారి కూడా మైకు ఆగలేదు. శనివారం రాత్రి కానిస్టేబుళ్ళు బండి మీద వచ్చారు. డీఎస్పీ గారి సంతకమున్న కాగితం చూపించాను. ఫోన్లో ఫోటో తీసుకుని వెళ్ళిపోయారు. ఆ ఒక్క కాగితం కోసం మేం పడ్డ పాట్లు ఇంకో సంఘం పడకూడదని, అన్నీ బాగా గుర్తుండగానే రాస్తున్నాను.

మాది గుంటూరు జిల్లాలో చిన్న లూథరన్ సంఘం. 1842లో అమెరికా మిషనరీ హైయర్ గారు గుంటూరులో మొదలుపెట్టిన పనిలోంచి పుట్టిన సంఘాల్లో మాదీ ఒకటి. డెబ్భై గడప దాటదు కానీ ఖాళీగా ఉండే వారం ఉండదు. గురువారం స్త్రీల సమాజం, శనివారం యవ్వనస్థుల కూటం, ఆదివారం ఆరాధనకు ముందు సండే స్కూలు, మధ్యలో గృహకూటాలు. ప్రతి ఇంట్లోనూ అన్నానికి ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు బియ్యం తీసి పక్కన పెడతాం. ఆదివారం అవి చర్చికి వస్తాయి. కోతల పండుగ నాడు కోళ్ళు, గుమ్మడికాయలు, అరటిగెలలు వేలం వేస్తాం. కూటాల ఖర్చంతా ఈ వేలం డబ్బుతోనూ, ఆ బియ్యంతోనూ నడుస్తుంది. చందా పుస్తకం పట్టుకుని ఊళ్ళో ఎవరి గుమ్మమూ ఎక్కలేదని గర్వంగా చెప్పుకుంటాం.

ఇన్నేళ్ళూ కూటాలకు ముందు మా పాస్టరు అయ్యగారు వెళ్ళి ఎస్.ఐ. గారికి నోటిమాటగా చెప్పి వచ్చేవారు. "పెట్టుకోండి, పర్లేదు" అనేవాళ్ళు. పోయినేడు కూడా అలాగే అన్నారు. తీరా వాక్యం మొదలైందో లేదో, స్టేషన్ నుంచి మనిషి వచ్చి ఆంప్లిఫయర్ వైరు పీకేశాడు. ఎస్.ఐ. గారికి చెప్పాం కదండీ అంటే "కాగితం ఉందా?" అన్నాడు. ప్రసంగానికి వచ్చిన పెద్దాయన గొంతు చించుకుని చెప్పినా వెనక వరసలకు వినపడలేదు. పిల్లల్ని చంకనేసుకుని ఒక్కొక్కరే లేచిపోయారు. ప్రేమవిందుకు వండిన అన్నం గుండిగలో అలాగే మిగిలిపోయింది. ఏడాది పొడుగునా పిడికెడు పిడికెడు పోగేసిన బియ్యం అవి. ఆ రాత్రి మా ఆడవాళ్ళ ఏడుపు నేను మర్చిపోలేను. అందుకే ఈసారి సంఘ కమిటీ సెక్రటరీ పని నా చేతికి రాగానే, రాతపూర్వకంగా పర్మిషన్ తెచ్చాకే షామియానా వేయాలని పట్టుబట్టాను. మా సంఘంలో ఒక ఆడమనిషి ఈ పదవిలోకి రావడం ఇదే మొదలు. ఈ పని నేనే చేసి చూపించాలనుకున్నాను, చూపించాను.

కమిటీ తీర్మానం ఒక్క పూటలో అయింది. ప్రసంగీకుల తేదీలు ఫోన్లోనే కుదిరాయి. కరెంటు టెంపరరీ కనెక్షన్‌కి డబ్బు కట్టాం, లైన్‌మ్యాన్ వచ్చి ఇచ్చి వెళ్ళాడు. వీటి గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు.

అసలు కథంతా స్టేషన్‌లోనే. అర్జీ రాసుకుని నేనూ మా మాస్టారూ వెళ్ళాం. మాస్టారంటే మా సంఘ పెద్ద. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. మా ఊళ్ళో యాభై దాటిన వాళ్ళలో ఆయన చేత అక్షరాలు దిద్దించుకోని వాళ్ళు తక్కువ. స్టేషన్‌లో రాతకోతలు చూసే రైటరు అర్జీ చేత్తో ముట్టుకోకుండానే "ముందు పంచాయతీ నుంచి నో అబ్జెక్షన్ తెండి" అన్నాడు. పంచాయతీ సెక్రటరీ దగ్గరికి వెళ్తే, "మీ ఆవరణలో మీరు పెట్టుకునే మీటింగుకి నేనేం ఇస్తానమ్మా, పోలీసు వాళ్ళు నన్ను అడుగుతూ లెటరు రాస్తే జవాబిస్తాను" అన్నాడు. మళ్ళీ స్టేషన్‌కి వస్తే "లెటర్లు రాయడం మా పని కాదు" అన్నారు. అటు వాళ్ళు ఇటు, ఇటు వాళ్ళు అటు. ఇద్దరిలో ఒక్కరూ ఆ మాట కాగితం మీద పెట్టరు.

తర్వాత "చుట్టుపక్కల వాళ్ళ సంతకాలు తెండి" అన్నారు. అది మాకు కష్టం కాలేదు. ఎదురుగా కిరాణా కొట్టాయన, వెనక సందులో దర్జీ సాయిబు గారు, రామాలయం కమిటీ పెద్ద, అందరూ ఆ సాయంత్రమే పెట్టారు. రామాలయం పెద్దయితే "శ్రీరామనవమి పందిరికి మీ పిల్లలేగా తాటాకులు మోసేది, దీనికి నా సంతకం ఏంటమ్మా, అడిగినవాడికి బుద్ధుండాలి" అని కోప్పడ్డాడు. మా ఊరు అలాంటిది. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, అడ్డుపడింది ఊరు కాదు. బల్ల అవతల కూర్చున్న ఒక మనిషి, అంతే.

సంతకాలు పట్టుకెళ్తే రైటరు చూసి "ఇవెవరు అడిగారు?" అన్నాడు. అడిగింది ఆయనే. మాస్టారు ఆ మాటే నెమ్మదిగా గుర్తుచేశారు. బెంచీ మీద హెల్మెట్లూ ఫైళ్ళూ పెట్టి ఉన్నాయి. కాస్త జరిపి మాస్టార్ని కూర్చోబెడదామని చెయ్యి వేశాను. "నిలబడే చెప్పమను" అన్నాడు. ఎండనపడి వచ్చిన మనిషి, చేతికర్ర మీద ఆనుకుని నిలబడ్డారు. అప్పుడు అడిగాడు. "ఏం పెద్దాయనా, ఈ మూడు రోజుల్లో ఎంతమందిని మారుస్తారు? నీ కులం సర్టిఫికెట్లో ఏముంది? రికార్డులో ఒకటి, చర్చిలో ఒకటి కదా మీది?"

చుట్టూ వేరే కేసుల మీద వచ్చిన జనం ఉన్నారు. వాళ్ళలో మాస్టారి దగ్గర చదువుకున్న వాళ్ళూ ఉన్నారు. ఆయన కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకుంటూ ఉండిపోయారు. మా నాన్నగారిని ఎవరైనా అలా అంటే ఎంత మండుతుందో అంత మండింది నాకు. గొంతు పెంచకుండానే చెప్పాను. "మాస్టారి సర్టిఫికెట్లో బీసీ-సీ అనే ఉంటుంది సార్, క్రైస్తవులైన ఎస్సీలకు ఇచ్చేది అదే. నాదీ అంతే, మా పిల్లలదీ అంతే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులకు ఎస్సీ హోదా ఉండదని మాకు ఒకరు చెప్పక్కర్లేదు. దానివల్ల పోయిన సీట్లూ ఉద్యోగాలూ మా ఇళ్ళలోవే. మైకు అర్జీలో కులం ఎక్కడ రాయాలో చూపించండి, రాస్తాను."

జవాబు లేదు. కాసేపటికి ఫైలు మూసి, "చర్చి పక్కన స్కూలుంది. సైలెన్స్ జోన్. కుదరదు" అన్నాడు. ఈ మాటే మొదటి రోజు చెప్పి ఉంటే మేం పంచాయతీకీ పోము, సంతకాలకూ తిరగం. ఒక్కో అభ్యంతరం దాచి పెట్టుకుని, ముందుది తీరాక బయటికి తీయడం పద్ధతి కాదు. దారిలో మాస్టారు ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటి దగ్గర దిగబెడితే "నువ్వు ఆగొద్దమ్మా" అని మాత్రం అన్నారు.

ఆ రాత్రి మా అమ్మాయి ఆ నియమాలు డౌన్‌లోడ్ చేసి ప్రింటు తీసింది. ఇద్దరం కూర్చుని చదివాం. 2000 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన శబ్ద కాలుష్య నియమాలు అవి. లౌడ్‌స్పీకర్‌కి రాతపూర్వక అనుమతి ఉండి తీరాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకూ ఆరుబయట వాడకూడదు. పండుగల కోసం రాత్రి 12 దాకా సడలింపు ఇచ్చే వీలు రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది, అదీ ఏడాదికి మొత్తం 15 రోజులకు మించకూడదు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ ప్రమాణం. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లను రాష్ట్ర ప్రభుత్వం నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. కాబట్టి బడి సంగతి రైటరు పుట్టించింది కాదు. మిషన్ చర్చిల్లో చాలావాటికి అదే ఆవరణలో బడి ఉంటుంది, ఈ ప్రశ్న అందరికీ వస్తుంది, సిద్ధంగా ఉండండి. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి దొరికింది. పోలీసు శాఖలో ఈ అనుమతి ఇచ్చే అధికారి డీఎస్పీ హోదాకు తగ్గకూడదు. అంటే మేం ఇన్నాళ్ళూ ఇవ్వడానికి అధికారం లేని బల్ల ముందు నిలబడ్డాం. పోయినేళ్ళ "పర్లేదు"లకి కూడా విలువ లేదన్నమాట.

నేరుగా డీఎస్పీ ఆఫీసుకి వెళ్ళాం. అక్కడ సూపరింటెండెంట్ ఒక మేడమ్. మాస్టార్ని చూడగానే కుర్చీ వేయించారు, మంచినీళ్ళు ఇప్పించారు. ఆ కుర్చీ కోసమైనా ఆమెకు దేవుడు మేలు చేయాలి. "ఇది మేమే ఇవ్వాలి, స్టేషన్ రిపోర్టు మేం తెప్పించుకుంటాం, మీరు తిరగొద్దు" అన్నారు. బడి సాయంత్రం నాలుగింటికి మూసేస్తారనీ, హాస్టల్ లేదనీ హెడ్మిస్ట్రెస్ చేత లెటరు రాయించి తెమ్మన్నారు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళ బందోబస్తుకి సిబ్బంది వెళ్ళిపోతారు కాబట్టి ఆ వారం వద్దు, ముందు వారం పెట్టుకోండి అన్నారు. సరేనన్నాం. చలానా కట్టాం. పర్మిషన్ చేతికొచ్చింది. పది గంటలకల్లా మైకు కట్టేయాలి, హారన్లు (గొట్టం స్పీకర్లు) వద్దు, బాక్సులు ఆవరణ లోపలి వైపు తిప్పాలి, రోడ్డు మీద బండ్లు ఆపకూడదు. న్యాయమైన షరతులు.

సౌండ్ సిస్టమ్ వాడికి ఆ కాగితం చదివి వినిపిస్తే, "హారన్లు లేకపోతే కూటాలేంటమ్మా, పక్క ఊరికి వినపడాలి కదా" అన్నాడు. వద్దని వేరే అతన్ని పెట్టుకున్నాం. మొదటివాడు అడ్వాన్సు ఇంతవరకూ తిరిగివ్వలేదు. ఇక్కడ నా మనసులో మాట చెప్పాలి. పక్క ఊరికి వినిపించాలని అర్ధరాత్రి దాకా హారన్లు మోగించే సంఘాలంటే నాకు కోపం. ఇంటర్ పరీక్షలు నెత్తి మీదున్నాయి. మంచంలో ఉన్న ముసలివాళ్ళుంటారు, పసిపిల్లలుంటారు. పొరుగువాణ్ణి నిద్రపోనివ్వకుండా ప్రేమ గురించి ప్రసంగాలు చేస్తే ఎవరికి ఎక్కుతుంది? గుడికైనా, మసీదుకైనా, చర్చికైనా రూలు ఒక్కటే. దాన్ని మనం ముందు పాటిస్తే, రేపు మన నోరు మూయించాలని వచ్చినవాడికి పట్టు దొరకదు.

అర్జీ ఎలా రాయాలని చుట్టుపక్కల సంఘాల వాళ్ళు ఇప్పటికే నాకు ఫోన్లు చేస్తున్నారు, మూడు చర్చిల వాళ్ళు నా నమూనా తీసుకెళ్ళారు కూడా. తేదీలు, మొదలుపెట్టే టైమూ ముగించే టైమూ, స్థలం, స్పీకర్లు ఎన్ని, ఏ వైపు తిరిగి ఉంటాయి, సౌండ్ సిస్టమ్ ఎవరిది, పూచీ ఎవరిది, ఫోన్ నంబరు, ఇవన్నీ రాయండి. కమిటీ తీర్మానం, చర్చి పేరున ఉన్న కరెంటు బిల్లు జతచేయండి. రెండు కాపీలు పట్టుకెళ్ళి, మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోకుండా గుమ్మం దిగొద్దు. ముద్ర వేయమంటే విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. కుర్రాళ్ళని వెంట తీసుకెళ్ళొద్దు, వాళ్ళు గొడవకు దిగుతారు, మనకు పని కావాలి. పెద్దవాళ్ళని స్టేషన్‌కి తీసుకెళ్ళడం మాత్రం నేనిక చేయను. అలాంటి మాటలు పడాల్సి వస్తే నేను పడతాను.

కూటాలు ఎంత బాగా జరిగాయంటే, ఆఖరి రాత్రి అన్నం చాలక మళ్ళీ ఎసరు పెట్టాం. కిరాణా కొట్టాయన కుటుంబంతో వచ్చి భోంచేశాడు. తొమ్మిదిన్నరకి మాస్టారు ముగింపు ప్రార్థన చేశారు, పావుతక్కువ పదికల్లా మైకు కట్టేశాం.

ఇప్పుడు శ్రమకాలం, అంటే ఈస్టర్‌కి ముందు ఉపవాస ప్రార్థనల కాలం, వస్తోంది. ఫిబ్రవరి 18 భస్మ బుధవారం. అప్పట్నుంచి శుక్రవారాలు ఇళ్ళల్లో సిలువ ధ్యానాలు, వాటికి మైకు అక్కర్లేదు. ఏప్రిల్ 3 శుభ శుక్రవారం ఆరాధన పన్నెండు నుంచి మూడు దాకా చర్చి లోపలే. ఏప్రిల్ 5 ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటకి కొవ్వొత్తులతో వెళ్ళడం మా ఆనవాయితీ. అక్కడికి ఐదింటికల్లా చేరతాం, మైకేమో ఆరు దాకా పెట్టకూడదు. అందుకని ఈసారి పాటలు మైకు లేకుండా పాడి, ఆరు దాటాక వాక్యం చెప్పేలా కమిటీలో తీర్మానం చేశాం. ఇద్దరు ముగ్గురు గొణిగారు గానీ చివరికి ఒప్పుకున్నారు. మే నెలలో పిల్లలకు వీబీఎస్ (సెలవుల బైబిలు బడి), అదీ హాల్లోనే.

ఇక మిగిలింది మార్చి 29 మట్టలాదివారం ఊరేగింపు. అది రోడ్డు మీద సాగేది కాబట్టి మైకు పర్మిషన్ ఒక్కటే సరిపోదు, ఊరేగింపుకి విడిగా అడగాలి. ఇంకా చాలా టైముందని ఎవరెంత అన్నా వినకుండా అర్జీ ఇచ్చేశాను, నా కాపీ మీద ముద్ర కూడా పడింది. రూటు మ్యాపు అడిగారు. చర్చి దగ్గర బయల్దేరి, బస్టాండు మీదుగా, ఆసుపత్రి వీధిలోకి పోకుండా వెనక్కి వచ్చేలా మాస్టారు చేత్తో గీసి ఇచ్చారు. సోమవారం పట్టుకెళ్తున్నాను.