కొట్టేస్తే ఉన్నట్టు

హాజరుపట్టీలో ఒక పేరు మీద అడ్డగీత పడిందంటే ఆ విద్యార్థి కళాశాల వదిలి వెళ్లినట్టు. ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం బోధించిన నా చేతికి అదే అలవాటు. స్కాట్లాండ్ పడమటి తీరాన ఉన్న కొల్ దీవిలో మొదటి ఉదయం నాకిచ్చిన మొక్కల నమోదు కార్డు పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. దాని మీద వందలాది శాస్త్రీయనామాలను కుదించి, హోల్కస్ లానాటస్‌ను ‘హోల్క్ లానా’ అన్నట్టుగా, ముందే అచ్చువేసి ఉంచారు. కంటబడిన మొక్క పేరును కొట్టేయాలి. కొట్టేస్తే ఉన్నట్టు, వదిలేస్తే కనబడనట్టు. మొదటి గంటంతా ప్రతి పేరు దగ్గరా నా పెన్సిల్ ఒక్క క్షణం తటపటాయించింది.

గ్లాస్గోలో ఉంటున్న మా అమ్మాయి ఈ ప్రయాణం కుదిర్చింది. గాలి ఉద్ధృతికి ఓడ ఆగిపోవడంతో ఓబన్ రేవులో ఒక రాత్రి ఉండిపోవలసి వచ్చింది. మంచం పట్టేంత గదికి ఆ రాత్రి చెల్లించిన అద్దెతో మా ఊళ్లో నెల గడుస్తుంది. ఆ బాధ మల్ జలసంధి దాటేదాకా నన్ను వదలలేదు.

దీవిలో మా బృందానికి పెద్ద ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు. పడమటి తీరంలో గవ్వల పొడి ఇసుక మీద పరచుకున్న మాఖిర్ పచ్చికలు పూలతో నిండి ఉంటాయని విని వచ్చిన నన్ను, ఆమె రెండు కిలోమీటర్ల చదరంలో ఒక బురద నేలకు తీసుకువెళ్లారు. బాట పక్క గడ్డి నుంచి మొదలుపెట్టించి, గేటు దగ్గర గొర్రెలు తొక్కిన చోటునూ వదలనివ్వలేదు. మొదట విసుగనిపించింది. అయితే 1962లోనూ, 2002లోనూ, 2023లోనూ వెలువడిన, ఏ మొక్క ఎక్కడ ఉందో చూపే బ్రిటన్ వృక్షపటాలు ఇలా నేలను చదరాలుగా విభజించి చేసిన నమోదుల మీదే నిలిచాయి. మామూలు మొక్కను ఈ రోజు శ్రద్ధగా నమోదు చేయకపోతే, రేపు అది తగ్గిపోయినా తగ్గిందని చెప్పడానికి ఆధారం ఉండదు. ఆ సంగతి పాఠంగా ఎన్నోసార్లు చెప్పాను కానీ, మిడ్జ్ దోమలు ముఖమంతా కుడుతుండగా నేల మీద మోకరించినప్పుడే నాకు నిజంగా పట్టుబడింది.

ఆమె స్కాట్లాండ్ యాసలో సగం మాటలు నాకు అందలేదు, నా ఇంగ్లీషు ఆమెకు అంతంతమాత్రమే. అయినా నేను ‘పొటెంటిల్లా ఎరెక్టా’ అనగానే ఆమె గీత గీసేవారు. ఆమె ‘ద్రోసెరా’ అనగానే నేను వంగి ఆ ఎర్రటి జిగురు బొట్ల ఆకులను చూపేదాన్ని.

మధ్యాహ్నం ఒక చిన్న లోఖ్, అంటే సరస్సు, ఒడ్డుకు చేరాము. గాలికి కొట్టుకువచ్చిన ఒక మొక్క రాళ్ల మధ్య పడి ఉంది. గరికలా సన్నని ఆకుల కుచ్చు, దాని కింద తెల్లని వేళ్లు. ఆ వేళ్ల నిండా దగ్గర దగ్గరగా అడ్డగీతలు, వానపాము ఒంటి మీది కట్లలాగా. తలెత్తి చూస్తే నీళ్లలో నుంచి నిటారుగా లేచిన కాడల కొసన బూడిదరంగు గుండీల్లాంటి పూగుత్తులు. ఎరియోకాలాన్ అక్వాటికమ్! ఉత్తర అమెరికాలో విరివిగా పెరిగే ఈ మొక్క బ్రిటన్‌లో ఈ పడమటి అంచున కొద్ది చోట్లే ఉంది. ఈ ప్రజాతిలోనివే మరికొన్ని మా నాన్నగారి మడిలో, కోతల వేళ తడి ఆరని గట్టు వెంట గుంపులుగా లేచేవి. ఏ పశువూ మెచ్చని ఆ పిచ్చిమొక్కలను ఆయన పారతో చెక్కి పారేసేవారు. ఇక్కడ ఏడుగురం దాని చుట్టూ ఊపిరి బిగబట్టి నిలబడ్డాము.

ఆ కార్డు మీద దాని పేరు అచ్చులో లేదు. వెనకవైపు ఖాళీలో చేత్తో రాయాలని చెప్పి, పెద్దావిడ పెన్సిల్ నా చేతికిచ్చారు. రెండు మాటలూ కుదించకుండా రాసి, పక్కన తేదీ, స్థలసూచిక చేర్చాను. చూసినవారి పేరు దగ్గర నా పేరు ఇంటిపేరుతో సహా రాశాను.