ముల్లు పడిపోతే బాయిలర్ చెడినట్టు కాదు

మనవరాలు బడి నుంచి ఒక కథ మోసుకొచ్చింది. జేమ్స్ వాట్ చిన్నప్పుడు కెటిల్ మూత ఎగరడం చూసి ఆవిరి యంత్రం కనిపెట్టాడట. నాకు నవ్వొచ్చింది. ఎసరు మరిగి మూత ఎగరడం చూడనివాళ్లు మన ఇళ్లలో ఎవరున్నారు? పైగా వాట్ 1736లో స్కాట్లాండ్‌లోని గ్రీనాక్‌లో పుట్టేనాటికే, న్యూకొమెన్ అనే ఇంగ్లీషువాడి ఆవిరి యంత్రం గనుల్లో నీళ్లు తోడడం మొదలుపెట్టి ఇరవై నాలుగేళ్లయింది.

మిర్యాలగూడలో ఓ ఉప్పుడు బియ్యం మిల్లులో ఇరవై రెండేళ్లు బాయిలర్ దగ్గర పనిచేశాను. కొత్తలో ఒకరోజు నానిన వడ్ల ట్యాంకులోకి ఆవిరి వదలగానే ప్రెషర్ ముల్లు జర్రున కిందికి జారింది. బాయిలర్ చెడిందనుకుని పొయ్యిలోకి ఊక మీద ఊక తోశాను. పాత మేస్త్రి నా రెక్క పట్టుకుని ట్యాంకు అడుగుకు తీసుకుపోయాడు. అక్కడ వేడినీళ్లు కారుతున్నాయి. "ఇదిగో నీ ఆవిరి. చల్లటి వడ్లు తాగేశాయి. అవి కాగేదాకా ఇంతే" అన్నాడు.

వాట్‌కు ఎదురైన చిక్కు కూడా ఇదే. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పరికరాలు చేసే అతని దగ్గరికి 1763-64 చలికాలంలో న్యూకొమెన్ యంత్రం నమూనా ఒకటి మరమ్మతుకు వచ్చింది. బాయిలర్ మరుగుతూనే ఉన్నా నాలుగైదు సార్లు ఆడి ఆగిపోయేది. అందులో సిలిండర్ నిండా ఆవిరి పట్టి, లోపలికి చన్నీళ్లు చిమ్ముతారు. ఆవిరి నీరై లోపల శూన్యం ఏర్పడితే, బయటి గాలి బరువు పిస్టన్‌ను కిందికి తోస్తుంది. తర్వాతి విడత ఆవిరి వచ్చేసరికి సిలిండర్ చల్లబడి ఉంటుంది. దాన్ని కాచడానికే ఆవిరిలో చాలా భాగం పోతుంది. మా వడ్ల లాగే!

1765లో ఓ ఆదివారం గ్లాస్గో గ్రీన్ మైదానంలో నడుస్తుంటే అతనికి తట్టింది: ఆవిరిని చల్లార్చే పని పక్కన వేరే పాత్రలో పెడితే సరి. సిలిండర్ ఎప్పుడూ వేడిగా ఉంటుంది, ఆ పాత్ర ఎప్పుడూ చల్లగా ఉంటుంది.

తట్టింది ఒక్క పూటలో. యంత్రాలు గనుల్లో, కార్ఖానాల్లో పనిలోకి దిగింది 1776లో. నడుమ పదకొండేళ్లు! సిలిండర్ నున్నగా, గుండ్రంగా కుదరక, పిస్టన్ చుట్టూ ఎన్ని కూరినా ఆవిరి కారిపోయేది. ఆవిరి కారకుండా వాల్వు కాడ చుట్టూ ఉండే గ్లాండులో తాడు కుక్కుతూ వేళ్లు కాల్చుకున్నవాణ్ని, ఆ బాధ నాకు తెలుసు. మొదట డబ్బు పెట్టిన రోబక్ దివాలా తీశాడు. బర్మింగ్‌హామ్ వ్యాపారి బౌల్టన్ వాట్‌ను ఆదుకున్నాడు. ఫిరంగి గొట్టాలు తొలిచే విల్కిన్సన్ సిలిండర్లు సరిగ్గా తొలిచి ఇచ్చాడు.

మా మిల్లు షావుకారుకు బాగా నచ్చేది మాత్రం బౌల్టన్, వాట్‌ల బేరం. పాత యంత్రంతో పోలిస్తే ఎంత బొగ్గు మిగిలిందో లెక్కగట్టి, ఆ ఖరీదులో మూడో వంతు పుచ్చుకునేవారు. రోజూ సాయంత్రం ఊక కుప్ప చుట్టూ తిరిగి కళ్లతోనే కొలిచే మనిషి ఆయన.

ఒక్క విషయంలో వాట్ మొండివాడు. ఎక్కువ పీడనమంటే అతనికి గిట్టదు. మా ప్రెషర్ గేజీలో చదరపు సెంటీమీటరుకు ఏడు కిలోల దగ్గర నిలిచిన ముల్లును చూస్తే గోడ దూకి పారిపోయేవాడు.

నిన్న దేవరకొండ దగ్గర మా చేనికి వెళ్లినప్పుడు మనవరాలికి బోరు మోటారు రేకు మీద 5 హెచ్‌పీ అని చూపించాను. నిమిషంలో 33,000 పౌన్ల బరువును ఒక అడుగు ఎత్తితే ఒక గుర్రపు శక్తి, ఆ లెక్క కట్టింది వాటే అన్నాను.

"మనకు గుర్రాలు ఉండేవా తాతా?"

"ఎక్కడివి? రెండెడ్లతో మోట తోలేవాళ్లం."

"అయితే ఒక ఎద్దుకు ఎన్ని పౌన్లు?" అంటూ పుల్లతో మట్టి మీద లెక్క మొదలుపెట్టింది.