తాతగారి మార్టిని రైఫిలుకు కొత్త బ్యారెల్

మా ఇల్లు పెదవాల్తేరులో ఉంది. ఇక్కడి ఉప్పుగాలికి ఇనుప వస్తువు ఏదైనా సరే, నూనె చెయ్యి పడకపోతే ఒక వర్షాకాలం కూడా ఆగదు. తాతగారు మన్యంలో పంటల కాపలాకు వాడిన ఒంటి తూటా మార్టిని రైఫిల్ (తూటా వెనుక ఉండే ఇనుప బ్లాకు కిందికి వాలి తెరుచుకునే రకం), నాన్నగారి తదనంతరం లైసెన్సు నా పేరిట తీసుకున్నాక నా చేతికి వచ్చింది. అప్పటికే దాని గొట్టం లోపల అటునుంచి దీపం పెట్టి చూస్తే గుండును తిప్పే గాడుల వెంబడి మశూచి మచ్చల్లాంటి గుంటలు కనిపించేవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణతో వేట ముగిసిపోయింది కాబట్టి దీనితో అడవికి వెళ్లే ఆలోచన నాకు లేదు. ఆ యంత్రం మళ్లీ సరిగ్గా పనిచేయాలన్నదే, ముప్ఫై ఏళ్లు లేతు ముందు నిలబడి పనిచేసిన నా కోరిక.

ఇది .310 క్యాడెట్ తూటాకు చేసిన చిన్న మార్టిని. ఆస్ట్రేలియాలో విద్యార్థి దళాల శిక్షణ కోసం ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో బి.ఎస్.ఎ., గ్రీనర్ అనే బ్రిటిష్ తుపాకీ సంస్థలు ఇటువంటివే పెద్ద సంఖ్యలో తయారుచేశాయి. ఆ తూటా ఇక్కడి దుకాణాల్లో నేను చూసి చాలా ఏళ్లయింది. ఆటోనగర్‌లో వర్క్‌షాపు నడిపే మా మేనల్లుడు దానికి సులువైన దారి చెప్పాడు. "మావయ్యా, బయటి దేశాల్లో వీటికి .32-20 అనే తూటాకు చాంబరు వేయించుకుంటారట. రీమరుతో కాస్త లోతు చేస్తే సరిపోయేదానికి కొత్త బ్యారెల్ దండగ కదా?" అన్నాడు.

వాడు చెప్పింది వినడానికి బాగుంది. కానీ చాంబరు అంటే తూటా కూర్చునే గది మాత్రమే. గుండు ప్రయాణించేది ఆ గది దాటాక ఉన్న గాడుల గొట్టంలో. రీమరు లోహాన్ని తీసేయగలదు గాని తిరిగి పెట్టలేదు కాబట్టి, చాంబరును ఎంత పెంచినా గొట్టం కొలత పాతదే ఉంటుంది. .310 క్యాడెట్ గుండు పాతకాలపు మడమ పద్ధతిలో చేసినది: దాని వెనుక భాగం మాత్రమే సన్నబడి, మందు నింపే ఇత్తడి గుల్ల అయిన కేసులోకి దిగుతుంది, మిగిలిన ఒళ్లంతా కేసు బయటి వ్యాసంతో సమానంగా ఉంటుంది. అందుకే పేరులో .310 ఉన్నా గొట్టం అంతకంటే లావుగా ఉంటుంది.

మాట మీద కాకుండా కొలత మీద తేల్చుకుందామని తూటా ఏదీ లేని ఆ గొట్టంలో నూనె రాసి, మెత్తటి సీసపు ముక్కను కర్రతో మెల్లగా తట్టుతూ ఈ కొస నుంచి ఆ కొసకు పంపించాను. బయటికి వచ్చిన సీసం మీద గాడుల అచ్చు గోటికి తగిలేంత స్పష్టంగా పడింది. నాలుగు చోట్ల మైక్రోమీటరు పెట్టి చూస్తే లావైన చోట 0.321 అంగుళం వచ్చింది. .32-20 గుండు 0.312. తొమ్మిది థౌల తేడా, అంటే అంగుళంలో తొమ్మిది వెయ్యో వంతులు! ఓడ షాఫ్టు బుష్షులో ఇంత వదులుంటే ఇన్‌స్పెక్టరు ఆ పనిని వెనక్కి పంపేవాడు. గుండు గాడులను పట్టుకోదు, పక్కల నుంచి వాయువు జారిపోతుంది, తిరుగుడు అందని గుండు లక్ష్యానికి ఎటో పోతుంది. మేనల్లుడికి ఆ సీసం ముక్కనే చేతిలో పెట్టాను.

ఇక మిగిలినవి రెండు దారులు. ఒకటి, పాత గొట్టాన్ని లోపల పెద్దది చేసి సన్నటి లైనరు, అంటే గాడులున్న కొత్త లోపలి గొట్టం, దించడం. అరిగిన బుష్షుకు స్లీవు వేసినట్టే ఇది. బయటి రూపం, ముద్రలు చెక్కుచెదరవు గనుక నాకు ఇష్టమైన దారి ఇదే, కానీ తక్కువ ఒత్తిడి తూటాలకే ఇది నప్పుతుంది. రెండోది కొత్త బ్యారెల్. చిన్న మార్టినిలకు ఎందరో .22 హార్నెట్ బ్యారెల్ వేయించుకున్నారు. అది అంచు ఉన్న తూటా కావడంతో కాల్చిన కేసును బయటికి తీసే ఎక్స్‌ట్రాక్టరు దాన్ని చక్కగా లాగుతుంది, ఒంటి తూటా తుపాకీలో మ్యాగజీను అడ్డం కూడా ఉండదు. అయితే గొట్టం రిసీవరులోకి, అంటే బ్లాకు ఉండే చట్రంలోకి, దిగే మరలు కోసిన భాగం సన్నం. లావైన తూటా ఎంచుకుంటే చాంబరు గోడ పలచనై ప్రమాదమవుతుంది. తూటా అంచుకూ బ్లాకుకూ మధ్య దూరాన్ని గేజీతో సరిచూడకపోతే కేసు చిట్లుతుంది. పాత బ్లాకులో తూటాను పేల్చే పిన్ను రంధ్రం వదులైతే కొత్త తూటా ఒత్తిడికి దాని అడుగున నిప్పు రగిల్చే క్యాపు వెనక్కి ఉబ్బుతుంది. ఈ మూడూ కుదరకుండా ఎంత మంచి బ్యారెల్ వేసినా వృథా.

లేతు మన దగ్గరే ఉంది కదా అని మేనల్లుడు ఇంకా అంటున్నాడు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ తుపాకీ తయారీకే కాదు, మార్పుకూ మరమ్మతుకూ కూడా లైసెన్సు ఉండాలంటుంది. నా దగ్గర ఉన్నది ఉంచుకునేందుకు ఇచ్చిన లైసెన్సు. పని చేసేందుకు ఇచ్చినది కాదు. ఆ మాట దగ్గర నేను గట్టిగా నిలబడ్డాను. బోరు, అంటే గొట్టం లోపలి కొలత, మారితే నా లైసెన్సు మీద రాసి ఉన్న వివరం కూడా మారాలి.

నిన్న దరఖాస్తు రాశాను. రైఫిల్ ముద్రల ఫోటోలు, సీసం కొలతలు, పని చేయగల లైసెన్సుదారుడి అంచనా జతచేశాను. సోమవారం ఉదయం కమిషనర్ కార్యాలయంలో ఇచ్చి రావాలి. ఈలోగా బీరువాలోని రైఫిలుకు కొత్తగా నూనె పట్టించాను.